మూకీ తార కాలీన్ మూర్ కోసం: నైల్స్ నుంచి చికాగో దాకా

శనివారం, నైల్స్

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి వాళ్లుండే వీధి నుంచి కారులో కాసేపు పోతే, కొండల అంచున నైల్స్ అనే పాత పేట వస్తుంది. ఇప్పుడది ఫ్రీమాంట్ నగరంలో భాగమే గానీ, 1912లో ఎస్సనే అనే సినిమా కంపెనీవారు చికాగో నుంచి వచ్చి ఇక్కడ మకాం పెట్టేనాటికి విడి ఊరే. బ్రాంకో బిల్లీ ఆండర్సన్ తన కౌబాయ్ చిత్రాలు ఈ కొండల్లోనే తీశాడు. 1915లో చార్లీ చాప్లిన్ 'ది ట్రాంప్' తీసింది కూడా ఇక్కడే. స్టూడియో ఎన్నడో నేలమట్టమైంది గానీ, 1913 నాటి ఎడిసన్ థియేటర్ మాత్రం మిగిలింది. దాన్ని ఇప్పుడు మూకీ చిత్రాల మ్యూజియంగా నడుపుతున్నారు. శనివారం రాత్రుళ్లు పక్కన పియానో వాయిస్తుండగా పాత రీళ్లు ఆడిస్తారు.

మూకీ సినిమా అంటే గబగబా నడిచే మనుషులు, గీతలు పడ్డ తెర అనే నా అభిప్రాయం అక్కడ పావుగంటలో పోయింది. ఆ కాలపు బొమ్మను దానికి తగిన వేగంతో వేస్తే మనుషులు మామూలుగానే నడుస్తారు. పియానో ముందున్న ఆయన కాగితాలవైపు చూడడం లేదు. తల ఎత్తి తెరనే చూస్తూ, నాయిక తలుపు దగ్గర ఆగితే తానూ ఆగి, ఆమె నిర్ణయం తీసుకున్నాకే తర్వాతి స్వరం అందుకుంటున్నాడు. మన ఊళ్లలోనూ మూకీల కాలంలో తెర పక్కన ఒకరు నిలబడి, బొమ్మ మధ్యలో మాటలు చూపించే అక్షరాల అట్టలు చదివి, కథ చెప్పి, మధ్యలో తన మాటలూ కలిపేవారని పెద్దలు చెప్పగా విన్నాను. ఆ పని ఎంత కష్టమైనదో ఈ పియానో ఆయన్ని చూస్తే అర్థమైంది.

ఆట అయ్యాక అక్కడ సేవ చేస్తున్న ఒక పెద్దావిడ మాటల్లో కాలీన్ మూర్ పేరు ఎత్తింది. 1920లలో వారానికి పన్నెండున్నర వేల డాలర్లు తీసుకున్న తార, నుదుటి మీద సమంగా కత్తిరించిన పొట్టి జుట్టుతో దేశమంతటి అమ్మాయిల చేత జడలు తీయించిన మనిషి. అలాంటి మనిషి పేరు నేను ఇంతవరకు వినలేదు. వినకపోవడానికి కారణం కూడా ఆ పెద్దావిడే చెప్పింది: చూపించడానికి సినిమాలు మిగలలేదు. ఆమెను తారను చేసిన 1923 నాటి 'ఫ్లేమింగ్ యూత్' చిత్రంలో ఇప్పుడు దాదాపు ఒక్క రీలే ఉంది. మిగిలినవాటిలో 1929లో వచ్చిన 'వై బీ గుడ్?' అనే ప్రేమ హాస్య చిత్రాన్ని తప్పక చూడమని ఆవిడ చెప్పడంతో, మా అమ్మాయి అక్కడే ఫోనులో దాని డిస్కు కోసం వెతికింది. మూడు నాలుగు వీధుల అవతల ఒక స్నేహితురాలి ఇంట్లోనే అది ఉందని రాత్రికి తేలింది.

ఆదివారం, ఫ్రీమాంట్

ఎక్కడికీ వెళ్లకపోయినా ఈ రోజునూ యాత్రలోనే కలుపుతున్నాను, ఎందుకంటే ఆ గంటా ఇరవై నిమిషాల సినిమా చూడకపోతే మిగిలిన ప్రయాణమే ఉండేది కాదు.

కథ చిన్నది. పెర్ట్ కెల్లీ ఒక పెద్ద బట్టల దుకాణంలో అమ్మకాల పిల్ల. రాత్రి అయితే చార్ల్‌స్టన్ నాట్యపు పోటీల్లో కప్పులు గెలుచుకుంటుంది. ఒక రాత్రి పరిచయమైన విన్‌త్రాప్ పీబాడీ జూనియర్‌తో చాలా పొద్దుపోయేదాకా తిరిగి, మర్నాడు ఆలస్యంగా పనికి వెళ్తుంది. సంజాయిషీ చెప్పడానికి అధికారి గదిలోకి పంపిస్తే, ఆ కుర్చీలో కూర్చున్నది రాత్రి తనతో నాట్యమాడిన కుర్రవాడే, పైగా దుకాణం యజమాని కొడుకు. ఇక్కడిదాకా మన సినిమాల్లోనూ నూరుసార్లు చూసిన కథే. తండ్రి రంగంలోకి దిగాక అసలు సంగతి మొదలవుతుంది. అర్ధరాత్రి దాకా తిరిగే పిల్ల మంచిది కాదని ఆయన వాదన. ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తాడు. కొడుకు ప్రేమిస్తున్నాడు గానీ నమ్మడు. పరీక్షించి తేల్చుకుందామని ఆమెను పేరు చెడిన చోటికి తీసుకువెళ్తాడు.

ఈ చిత్రం తెలివి ఎక్కడుందంటే, పెర్ట్ నిజంగా అమాయకురాలే. కానీ నాట్యశాలలో అమాయకురాలిగా కనిపిస్తే ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు. అందుకని అన్నీ తెలిసినదానిలా నటిస్తుంది. అంటే కాలీన్ మూర్ నటించవలసింది, నటిస్తున్న ఒక అమ్మాయిని. మగవాళ్లవైపు తిరిగినప్పుడు కనురెప్పలు సగం వాల్చి, భుజం కొంచెం ఎగరేసి మాట్లాడే మనిషి, వాళ్లు ముఖం తిప్పగానే పెదవి కొరుక్కుని 'ఇంతకుమించి నాకేం రాదే' అన్నట్టు చూస్తుంది. మాట లేదు, అట్ట మీద అక్షరం లేదు. రెండు క్షణాల్లో ఇద్దరు మనుషులు. ఆ మార్పు కోసమే నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఇంట్లో తన తండ్రి నిలదీసినప్పుడు పెర్ట్ చెప్పే సమాధానం వింటే అది తొంభై ఏళ్ల పైనాటి సినిమా అని అనిపించదు. ఇది 1929, 1899 కాదు. ఈ ఇంటికి నీవెంత తెస్తున్నావో నేనూ అంతే తెస్తున్నాను. తప్పులేదని నాకు తోచినంతవరకు నాకిష్టమైన బట్ట కట్టుకుంటాను, నాకిష్టమైన చోటికి పోతాను అన్న భావంతో గుక్కతిప్పుకోకుండా అంటుంది. మా అమ్మాయి ఆ చోట నవ్వి నావైపు చూసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఈ సినిమా దొరికిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. దీన్ని మాటల్లేకుండా, సంగీతం మాత్రం జోడించి విడుదల చేశారు. ఆ సంగీతం ఫిల్ము మీద కాక, వైటాఫోన్ పద్ధతిలో పదహారు అంగుళాల గ్రామఫోన్ పళ్లేల మీద ఉండేది. రీలుకొక పళ్లెం. అందువల్ల బొమ్మ ఒక చోట, ధ్వని ఒక చోట పోవడానికి వీలైంది. అమెరికాలో బొమ్మ పోయింది, పళ్లేలు మిగిలాయి. కాలీన్ మూర్‌కు ఆప్తుడైన జోసెఫ్ యరాన్‌స్కీ, వైటాఫోన్ పళ్లేల కోసం జీవితమంతా వెతికిన రాన్ హచిన్సన్, వీళ్లిద్దరి ఆరా వల్ల 1990లలో ఇటలీలోని మిలాన్ చిత్ర భాండాగారంలో దీని ప్రింటూ, ఆమెదే 'సింథటిక్ సిన్' ప్రింటూ ఉన్నాయని తేలింది. బొలోన్యాలోని ప్రయోగశాలలో బొమ్మను శుభ్రం చేసి, అమెరికాలోని పళ్లేల ధ్వనిని దానికి జత చేసి, 2014లో మళ్లీ తెరకెక్కించారు. అలాగే ఆమె 1927 నాటి 'హర్ వైల్డ్ ఓట్' ప్రేగ్‌లో బయటపడింది. సొంత దేశంలో పారవేసిన సినిమా పరదేశంలో దొరకడం వింతేమీ కాదట. విదేశాలకు పంపిన ప్రింట్లను ఆడించడం అయ్యాక తిరిగి తెప్పించుకోవడానికి రవాణా ఖర్చు దండగ అని కంపెనీలు వదిలేసేవి.

సోమవారం, దారిలో

లాస్ ఏంజెలెస్‌కు 101వ నంబరు రోడ్డు మీద వెళ్లాము. పొలాలు, ద్రాక్షతోటలు, మళ్లీ పొలాలు. పాసో రోబుల్స్‌లో కాఫీకి ఆగాము. కాలీన్ మూర్ చివరి రోజులు ఈ ప్రాంతంలోనే గడిపి 1988 జనవరిలో ఇక్కడే కన్నుమూసింది. అంటే మిలాన్ ప్రింటు సంగతి ఆమెకు తెలియకుండానే పోయింది. ఆమె తన దగ్గర మిగిలిన సినిమాలను భద్రంగా ఉంటాయని న్యూయార్క్‌లో ఒక మ్యూజియానికి ఇచ్చింది; చాలా ఏళ్లకు ఆరా తీసేసరికి నైట్రేటు రీళ్లు చాలావరకు పాడైపోయాయి. ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అని ప్రతివారూ అనుకున్నందువల్ల జరిగిన నష్టం అది.

మంగళవారం, బర్బాంక్

ఆమె పనిచేసిన ఫస్ట్ నేషనల్ కంపెనీ 1926లో బర్బాంక్‌లో కట్టిన స్టూడియోనే ఇప్పటి వార్నర్ బ్రదర్స్ స్టూడియో. 1928లో ఫస్ట్ నేషనల్‌ను వార్నర్లు కొనేశారు. చిన్న బండిలో కూర్చోబెట్టి తిప్పుతారు. మాకు చూపించినతను ఉత్సాహవంతుడే గానీ, ఆ ఉత్సాహమంతా ఈమధ్య టీవీ ధారావాహికల గురించే. మూకీల గురించి అడిగితే మర్యాదగా నవ్వి, ఫలానా కాఫీ దుకాణం సెట్టు ఎదుట దింపాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. చూపించడానికి ఆ కాలానిది పెద్దగా లేదు.

హాలీవుడ్‌లో వైన్ వీధి కాలిబాట మీద కాలీన్ మూర్ పేరున్న నక్షత్రం ఉంది. దాని మీద నుంచి జనం నడిచి పోతున్నారు. ఫొటో తీసుకుని వచ్చేశాము.

ఆ రాత్రి హోటల్లో కూర్చుని అంకెలు చదివాను. అమెరికన్ కాంగ్రెస్ లైబ్రరీ 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ దేశంలో తీసిన 10,919 మూకీ కథాచిత్రాల్లో, విడుదలైన రూపంలోనే మిగిలినవి 14 శాతం మాత్రమే. నైట్రేటు ఫిల్ము నిప్పు తగిలితే ఆర్పడం సాధ్యం కాదు; నిప్పు తగలకపోయినా కాలం గడిచేకొద్దీ జిగురై, చివరకు పొడి అవుతుంది. టాకీలు వచ్చాక పాత రీళ్లకు ఉన్న విలువల్లా వాటిలోని వెండి. కరిగించి అది తీసుకున్నారు.

ఇదంతా అమెరికా గోడు అనుకోవడానికి లేదు. రఘుపతి వెంకయ్య నాయుడు కుమారుడు ప్రకాష్, విదేశాల్లో విద్య నేర్చుకుని వచ్చి 1920ల మొదట్లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మనవాళ్లు తీసిన తొలి మూకీల్లో ఒకటి. భీష్ముడుగా ఆయనే వేశాడు. గంగ వేషం పెగ్గీ క్యాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేసింది. ఆ చిత్రంలో ఒక్క అడుగు ఫిల్ము కూడా మిగలలేదు. కాలీన్ మూర్‌కు మిలాన్‌లో ఒక అలమర ఉంది. మన గంగకు అదీ లేదు.

గురువారం, చికాగో

బుధవారం విమాన ప్రయాణంతోనే సరిపోయింది. మా పెద్దమ్మ కొడుకు వాళ్లింట్లో దిగాము. ముందు రోజు రాత్రే అన్నయ్యకూ వదినకూ సినిమా చూపించాను. వదినకు నచ్చింది, అన్నయ్య సగంలో కునుకు తీశాడు. పొద్దున్నే వదినా నేనూ జాక్సన్ పార్క్‌లోని విజ్ఞాన పారిశ్రామిక మ్యూజియానికి బయలుదేరాము. 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన లలితకళల భవనంలో ఉంది అది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ కూడా ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే, అయితే ఆ సభ జరిగింది ఈ భవనంలో కాదు, ఊరి మధ్యలో.

జలాంతర్గామి, రైలు ఇంజన్లు, బొగ్గు గని నమూనా దాటుకుని కింది అంతస్తుకు వెళ్తే మసక చీకట్లో అద్దాల వెనక కాలీన్ మూర్ కట్టించిన ఫెయిరీ కాసిల్ కనిపిస్తుంది. యక్షిణుల కోట. దాదాపు తొమ్మిది అడుగుల చదరం, మనిషిని మించిన ఎత్తు, అడుగుకు అంగుళం కొలతన కట్టిన బొమ్మరిల్లు. 1928లో మొదలుపెట్టి 1935లో ముగించారు. కాపురంలో కష్టాలు పడుతున్న కూతురి మనసు మళ్లించడానికి, ఎప్పుడూ లేని బొమ్మరిల్లు ఒకటి కడదామని ఇంజనీరైన తండ్రి అన్నాడట. సినిమా సెట్లు వేసే హొరేస్ జాక్సన్ నమూనా గీశాడు. హెరాల్డ్ గ్రీవ్ గదులు అలంకరించాడు. ఎందరో పనివాళ్లు, అయిదు లక్షల డాలర్లకు దగ్గర ఖర్చు.

"మహామాంద్యం రోజుల్లో బొమ్మరింటికి అంత డబ్బా?" అంది వదిన. నాకూ మొదట అదే ప్రశ్న వచ్చింది. చుట్టూ ఉన్న నడవాలో తిరిగేకొద్దీ ప్రశ్న పలచబడింది. సంక్రాంతికి మా అమ్మమ్మ పెట్టే బొమ్మల కొలువు ముందు పిల్లలు ఎలా కదలకుండా నిలబడేవారో, ఇక్కడ పెద్దవాళ్లు అలా నిలబడ్డారు. హాలులో దీపాల గుత్తికి వేలాడేవి నిజమైన వజ్రాలు, ముత్యాలు, పచ్చలు. ఆమె సొంత నగలు విప్పి పెట్టించింది. స్నానాల గదిలో నిజంగా నీళ్లు వస్తాయి. గ్రంథాలయంలో గోరంత పుస్తకాలు ఉత్త అట్టలు కావు. నాటి పేరున్న రచయితలు తమ చేత్తో రాసి ఇచ్చినవి వాటిలో ఉన్నాయి. ప్రార్థనా మందిరంలో 1840లో అచ్చయిన బుల్లి బైబిల్‌ను ఆమెకు ఇచ్చినవాడు ఆంటోనియో మొరీనో, 'సింథటిక్ సిన్'లో ఆమె సరసన నటించినవాడు. అదే మందిరంలోని చిన్న దీపంలో పొదిగిన వజ్రం ఆమె తల్లి నిశ్చితార్థపు ఉంగరంలోది. ఆ దీపం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. వేలెడంత గది, దాని మధ్య కందిగింజ కన్నా చిన్న వెలుగు.

కోట పూర్తయ్యాక ఆమె దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. విడదీసి పెట్టెల్లోకి సర్దడానికి వీలుగానే కట్టించింది కాబట్టి, 1935 నుంచి ఊరూరా తిప్పి, టికెట్టు పెట్టి, వచ్చిన డబ్బు పిల్లల ఆస్పత్రులకూ సేవాసంస్థలకూ ఇచ్చింది. ఆరు లక్షల డాలర్లకు పైగా పోగైందని చెబుతారు. ఆ ప్రదర్శనలు జరిగింది న్యూయార్క్ మేసీస్ వంటి పెద్ద బట్టల దుకాణాల్లో. తెర మీద అలాంటి దుకాణంలో ఆలస్యానికి చివాట్లు తిని ఉద్యోగం పోగొట్టుకున్న పెర్ట్ కెల్లీ, ఆరేళ్లకు అలాంటి దుకాణాల ముందే జనాన్ని బారులు తీర్పించిందన్న మాట.

1949 నుంచి కోట ఇక్కడే ఉంది. నటనకు ఆమె 1934లోనే స్వస్తి చెప్పింది. చికాగోకు చెందిన స్టాక్ బ్రోకర్ హోమర్ హార్‌గ్రేవ్‌ను పెళ్లాడి, ఇక్కడే స్థిరపడి, పిల్లలను పెంచి, షేర్లలో డబ్బు పెంచుకోవడం ఎలాగో ఆడవాళ్లకు చెబుతూ 1969లో ఒక పుస్తకం కూడా రాసింది. మతి మాలిన ఖర్చు అని వదినా నేనూ అనుకున్న కోట వెనక ఉన్నది లెక్కలు బాగా తెలిసిన మనిషే. ఆమె నటించిన చిత్రాల మీద హక్కు కంపెనీలది. వాటి బాగోగులు ఆమె చేతిలో లేవు. కోట ఆమెది. ఎక్కడ పెట్టాలో, ఎవరికి అప్పగించాలో తనే చూసుకుంది. ఆ తేడా తెలిసినందుకే, అద్దాల వెనక వెలుగుతున్న ఆ గదుల ముందు నాకు ఆనందం కన్నా ఉక్రోషమే ఎక్కువ కలిగింది.

శుక్రవారం, ఆర్గైల్ వీధి

నైల్స్‌కు వచ్చిన ఎస్సనే కంపెనీ సొంత స్టూడియో చికాగోలో ఆర్గైల్ వీధిలో ఉండేది. ఆ కట్టడం ఇంకా ఉంది. దానిలో కళాశాల నడిచింది. ద్వారం మీద ఇరువైపులా ఈకల కిరీటం పెట్టుకున్న రెడ్ ఇండియన్ తలలు, కంపెనీ గుర్తు, రంగురంగుల పింగాణీ మట్టితో చేసినవి, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కాలీన్ మూర్ అసలు పేరు కాథ్లీన్ మారిసన్. మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌లో పుట్టింది. వేసవి సెలవులకు చికాగోలో పిన్ని ఇంటికి వచ్చేది. ఆ పిన్ని భర్త వాల్టర్ హోవీ పేరుమోసిన పత్రికా సంపాదకుడు. నాటి పేరున్న దర్శకుడు గ్రిఫిత్ చిత్రాలకు సెన్సారు చిక్కులు వచ్చినప్పుడు హోవీ సాయపడ్డాడు. ఆ రుణం తీర్చుకోవడానికి గ్రిఫిత్ ఈ పిల్లకు అవకాశం ఇచ్చాడు. అయితే ఒక షరతు. ఆమెకు ఒక కన్ను గోధుమరంగు, ఒక కన్ను నీలం. కెమెరాలో అది తేడాగా కనిపిస్తే కుదరదు, ముందు పరీక్షించాలన్నారు. ఆ పరీక్ష తీసింది ఎస్సనేలోనే. నలుపు తెలుపు ఫిల్ములో రెండు కళ్లూ ఒకే రంగుగా వచ్చాయి. తల్లినీ అమ్మమ్మనూ వెంటబెట్టుకుని ఆమె రైలెక్కి హాలీవుడ్ పోయింది.

ఆర్గైల్ వీధి ఇప్పుడు వియత్నాం వాళ్ల అంగళ్లతో, భోజనశాలలతో కళకళలాడుతోంది. మధ్యాహ్నం అక్కడే కూర్చున్నప్పుడు, సినిమాలో కుర్రవాడు పెట్టిన పరీక్ష గురించి వాదన మొదలైంది. అన్నయ్య వాదన ఏమిటంటే, పరీక్ష పెట్టింది తప్పే అయినా, పెర్ట్ కడిగిపారేయగానే తప్పు ఒప్పుకుని ఆ రాత్రే పెళ్లి చేసుకున్నాడు కదా, అంతకన్నా ఏం చేస్తాడు అని. నేను కొంచెం అటూ ఇటూగా మాట్లాడాను. మగవాళ్లకు తామే కోరినట్టు ఆడపిల్ల ఉండాలి, ఉన్నాక దానికే తిట్టాలి అని పెర్ట్ అన్న మాట ఉండగానే సినిమా అంత తొందరగా క్షమించడం నాకు కొంత వెలితిగానే తోచింది. 1929లో అంతకుమించి ఒప్పుకునేవారు కాదేమో కూడా.

వదిన నూడుల్సు గిన్నె పక్కకు జరిపి, "మీరిద్దరూ ఎంతసేపూ వాడు మారాడా లేదా అనే చూస్తున్నారు. ఉద్యోగం ఎవరిది పోయింది? ఆ పిల్లది. అది తిరిగి ఇప్పించిన తర్వాత కదా పెళ్లి మాట ఎత్తాలి?" అంది. అన్నయ్య బిల్లు తెమ్మని పిలిచాడు.